హాంకాంగ్, 1990: ఉండిపోవడం కోసం ఇచ్చిన పాస్‌పోర్టు

ఇక్కడ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళే ముందు బ్రిటన్ అక్కడి 50,000 మంది ముఖ్యమైన ఉద్యోగులకు, వాళ్ళ కుటుంబాలకు పూర్తి పౌరసత్వం ఇచ్చిందని చదివాను. వాళ్ళు ఊరు వదలకుండా ఉండటానికే ఇచ్చారట. పాస్‌పోర్టు చేతిలో పెడితే మనిషి వెళ్ళిపోతాడు గానీ ఉండిపోతాడా? ఎవరిని ఎంచుకోవాలో ఎలా తేల్చారు? చివరికి అది పనిచేసిందా, న్యాయమేనా?"

నేను 1986లో ఉద్యోగం కోసం హాంకాంగ్ వెళ్ళాను. ఏడేళ్ళు ఒక ట్రేడింగ్ కంపెనీలో లెక్కలు చూశాను. ఆ తరవాత పదేళ్ళకు పైగా వీసా, పౌరసత్వ కాగితాలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేశాను. నాది మొదటినుంచీ భారత పాస్‌పోర్టే కాబట్టి ఈ పథకంతో నాకు సొంతంగా పని పడలేదు. కానీ నా చుట్టూ ఉన్నవాళ్ళు ఆ ఫారాలు తెచ్చుకోవడం, నింపడం, నింపాక ఇవ్వాలా వద్దా అని రాత్రుళ్ళు ఇంట్లో వాదించుకోవడం దగ్గరనుంచి చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీ అనుమానం దగ్గరే మొదలుపెడతాను. 1990లో హాంకాంగ్‌లో మంచి ఉద్యోగం చేస్తున్న ఒక ఇంజనీరును ఊహించుకోండి. ఏడేళ్ళలో ఊరు కమ్యూనిస్టు చైనా కిందకి వెళ్తోంది. ఏమీ కాకపోవచ్చు, ఏదైనా కావచ్చు. ఆయనకు ఇంకో దేశం పాస్‌పోర్టు కావాలంటే ఉద్యోగం మానేసి, అక్కడికి వెళ్ళి కాపురం పెట్టాలి. కెనడా పౌరసత్వానికి మూడేళ్ళు అక్కడ ఉండాలి, ఆస్ట్రేలియాకు రెండేళ్ళు. దరఖాస్తు, ఇంటర్వ్యూ, వైద్య పరీక్షలకు పట్టే కాలం అదనం. అంటే 1997 గురించి భయపడే మనిషి 1997 దాకా ఆగలేడు. 1992, 93 కల్లా బయల్దేరితేనే ఆ రోజుకు పాస్‌పోర్టు చేతికొస్తుంది. అప్పటికి ఊళ్ళో ఏమీ జరిగి ఉండదు, జీతం బాగానే ఉంటుంది, అయినా వెళ్ళిపోవాలి. భయం కన్నా ముందు క్యాలెండర్ తరిమేది జనాన్ని.

అదే పాస్‌పోర్టు ఇంట్లో కూర్చున్నవాడికే ఇస్తే? ఒక్కరోజు కూడా బ్రిటన్‌లో ఉండక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు అంటే? అప్పుడు తొందరేం లేదు. "చూద్దాం, పరిస్థితి చెడితే అప్పుడే వెళ్దాం" అనుకుంటాడు. ఈ పథకం అసలు సూత్రం ఇదే. వెళ్ళడానికి ఇచ్చిన టికెట్టులా కాకుండా, బీరువాలో పెట్టుకునే ఇన్సూరెన్స్ కాగితంలా దాన్ని ఊహించారు. నివాసం షరతు లేకపోవడమే ఇందులో ప్రాణం. ఆ ఒక్క షరతు పెట్టి ఉంటే పథకం మొత్తం తలకిందులై, వలసను అదే పెంచేది.

ఇంకో సంగతి తెలియకపోతే ఆ కోపతాపాలు అర్థం కావు. హాంకాంగ్‌లో పుట్టినవాళ్ళు అప్పటికే కాగితాల మీద బ్రిటిష్ వాళ్ళు. వాళ్ళ పాస్‌పోర్టు బ్రిటిష్ పాస్‌పోర్టే. కానీ దానితో బ్రిటన్‌లో ఉండటానికి వీల్లేదు. 1962 దాకా వలస రాజ్యాల్లో పుట్టినవాళ్ళు బ్రిటన్ వెళ్ళి ఉండొచ్చు. ఆ ఏడు చేసిన చట్టంతో ఆ దారి మూయడం మొదలైంది. 1968లో కెన్యా నుంచి వస్తున్న భారతీయ మూలాలవాళ్ళను ఆపడానికి రెండు మూడు రోజుల్లో ఇంకో చట్టం చేసేశారు. వాళ్ళలో చాలామంది చేతిలో ఉన్నది లండన్ ఇచ్చిన పాస్‌పోర్టే. ఇక 1981 జాతీయత చట్టం ఒకే పౌరసత్వాన్ని ముక్కలు చేసింది. బ్రిటన్‌లో ఉండే హక్కు ఉన్న బ్రిటిష్ పౌరులు ఒక తరగతి, ఆ హక్కు లేని ఆధీన ప్రాంతాల పౌరులు ఇంకో తరగతి. హాంకాంగ్ జనం రెండో తరగతిలో పడ్డారు. జిబ్రాల్టర్ వాళ్ళకు మాత్రం కావాలంటే పూర్తి పౌరసత్వం తీసుకునే వీలు కల్పించారు, ఫాక్‌లాండ్ యుద్ధం తరవాత 1983లో ఆ దీవులవాళ్ళకూ ఇచ్చారు. హాంకాంగ్‌లో మాత్రం ఆ పాస్‌పోర్టులవాళ్ళు ముప్పై లక్షలకు పైనే. ఆ లెక్క చూసే లండన్ భయపడింది. నా చైనీస్ సహోద్యోగులకు ఈ సంగతి బాగా తెలుసు, బాగా గుచ్చుకునేది కూడా.

1984 డిసెంబర్ 19న బీజింగ్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1997 జూలై 1న అప్పగింత అని తేలింది. ఆ తరవాత హాంకాంగ్ వాళ్ళ కోసం బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్ అని ఒక కొత్త హోదా సృష్టించి 1987 నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. అందరూ బీఎన్ఓ అనేవాళ్ళు. ప్రయాణానికి పనికొస్తుంది, అంతే. బ్రిటన్‌లో ఉండే హక్కు దానికీ లేదు. పిల్లలకు సంక్రమించదు.

1989 జూన్ 4న బీజింగ్‌లో సైన్యం విద్యార్థుల మీద కాల్పులు జరిపింది. దానికి ముందు రెండు వారాలు హాంకాంగ్ వీధుల్లో లక్షలమంది ఊరేగింపులు చేశారు. ఐదు చిల్లర మిలియన్ల జనాభా ఉన్న ఊళ్ళో పది లక్షలమంది నడిచారని చెప్పేవాళ్ళు. మా ఆఫీసులో ఎప్పుడూ రాజకీయాలు మాట్లాడని ముసలి క్లర్కు కూడా చేతికి నల్లగుడ్డ కట్టుకుని వచ్చాడు. ఆ సోమవారం ఎవరూ సరిగ్గా పనిచెయ్యలేదు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అన్నీ వాంకూవర్, టొరాంటో, సిడ్నీల్లో ఉన్న చుట్టాలకే.

వలస అంతకుముందే మొదలైంది. 1987లో సుమారు 30,000 మంది వెళ్ళారు, 1990 నాటికి ఏడాదికి 62,000 అయింది, 1992లో 66,000. సంఖ్య కన్నా ఎవరు వెళ్తున్నారన్నదే దెబ్బ. అకౌంటెంట్లు, కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు, నర్సులు, ఇంజనీర్లు, బ్యాంకు మేనేజర్లు. ఒక డిపార్టుమెంటులో ఇద్దరు అనుభవజ్ఞులు వెళ్ళిపోతే మిగిలినవాళ్ళకు టెన్షన్ పట్టుకుంటుంది, వాళ్ళూ ఫారాలు తెచ్చుకుంటారు. కుటుంబాన్ని కెనడాలో పెట్టి, తాను మాత్రం హాంకాంగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ విమానాల్లో అటూ ఇటూ తిరిగే భర్తల్ని కాంటనీస్‌లో "వ్యోమగామి" అనే మాటతో పిలిచేవాళ్ళు. ఆ భాషలో ఆ మాటకు "భార్య ఇంట్లో లేనివాడు" అనే శ్లేష కూడా ఉంది. మా అంతస్తులోనే అలాంటివాళ్ళు ముగ్గురు ఉండేవాళ్ళు. రాత్రి ఎనిమిదైనా ఇంటికి వెళ్ళేవాళ్ళు కాదు, ఇంట్లో ఎవరున్నారని.

ఇతర దేశాలు కూడా ఇదే సూత్రాన్ని పట్టుకున్నాయి. సింగపూర్ 1989లోనే 25,000 మంది పనిమంతులకు, వాళ్ళ కుటుంబాలకు శాశ్వత నివాసం ఇస్తామంది, వెంటనే రానక్కర్లేదని కూడా చెప్పింది. అమెరికా 1990 చట్టంలో హాంకాంగ్ వాళ్ళు తమ వలస వీసాను 2002 మొదలు దాకా వాడకుండా అట్టే పెట్టుకునే వీలు కల్పించింది. అందరికీ కావలసింది ఆ నైపుణ్యమే.

1989 డిసెంబర్‌లో విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ పార్లమెంటులో పథకం ప్రకటించారు. 50,000 మంది, వాళ్ళ భార్యాభర్తలు, మైనరు పిల్లలు కలిపి 2,25,000 మంది దాకా అవుతారని అంచనా వేశారు. 1990 జూలైలో చట్టమైంది. అక్కడి గొడవ ఇక్కడ మనకు ఒక రకంగా తెలిసినదే. పాలక కన్జర్వేటివ్ పార్టీలోనే నార్మన్ టెబిట్ తిరుగుబాటు లేవదీశారు, ఇంతమందిని దేశం భరించలేదని. బ్రిటన్‌లోని ఆసియావాళ్ళు క్రికెట్ మ్యాచ్‌లో ఏ జట్టుకు చప్పట్లు కొడతారో చూడండి అన్న ఆయన మాట, మన పత్రికల్లో కూడా దుమారం రేపింది, ఆ 1990 ఏప్రిల్‌లోదే. మరోవైపు లేబర్ పార్టీ కూడా వ్యతిరేకించింది, కానీ వేరే కారణంతో: ఇది హోదా ఉన్నవాళ్ళను ఏరుకునే పథకం అని. లిబరల్ డెమొక్రాట్ల నాయకుడు పాడీ ఆష్‌డౌన్ మాత్రం అందరికీ హక్కు ఇవ్వాలని అడిగారు. ఇప్పటికీ నాకు ఆయన మాటే సరైనదనిపిస్తుంది. అందరికీ ఇచ్చి ఉంటే అందరూ వచ్చేవాళ్ళని ఎవరూ రుజువు చేయలేదు. ఇన్సూరెన్స్ సూత్రం 50,000 మందికి పనిచేస్తుందని నమ్మిన ప్రభుత్వం, ముప్పై లక్షలమంది దగ్గరికి వచ్చేసరికి అదే సూత్రాన్ని నమ్మలేదు.

ఇక ఎంపిక. నాలుగు గంపలు చేశారు. సాధారణ వృత్తులకు 36,200 చోట్లు. పోలీసు, అగ్నిమాపక, కస్టమ్స్, జైళ్ళు, ఇమిగ్రేషన్ లాంటి యూనిఫాం సర్వీసులకు 7,000. చేసిన పని వల్ల రేపు ఇబ్బంది పడే ప్రమాదం ఉన్న సున్నితమైన ఉద్యోగాలవాళ్ళకు 6,300. పెద్ద పెట్టుబడిదారులకు 500. సాధారణ వృత్తుల్లో మళ్ళీ విభజన ఉంది, ఏ వృత్తినుంచి జనం ఎక్కువగా వెళ్ళిపోతున్నారో దానికి ఎక్కువ చోట్లు వచ్చేలా. సూత్రానికి అది సరిగ్గానే సరిపోతుంది. కారే చోటే కదా మట్టి పెట్టాలి.

తరవాత మార్కులు. మొత్తం 800. వయసుకు అత్యధికంగా 200, ముప్పై నలభై ఏళ్ళ మధ్యవాళ్ళకు ఎక్కువ. అనుభవానికి 150, చదువు శిక్షణలకు 150, ప్రత్యేక పరిస్థితులకు 150. ఇంగ్లీషుకు 50, బ్రిటన్‌తో ఉన్న సంబంధాలకు 50, ప్రజాసేవకు 50. గవర్నర్ సిఫారసు చేస్తే లండన్‌లో హోం మంత్రి నమోదు చేస్తారు. తిరస్కరిస్తే కారణం చెప్పక్కర్లేదు, కోర్టుకు వెళ్ళే దారీ లేదు.

వయసుకు అన్ని మార్కులు ఎందుకని చాలామంది అడిగేవాళ్ళు. ఆలోచిస్తే కనపడుతుంది. యాభై ఐదేళ్ళవాడు ఇక వెళ్ళడు, ఇల్లూ వాకిలీ ఇక్కడే. ఇరవై ఐదేళ్ళవాడి స్థానం ఇంకొకరితో నింపొచ్చు. ముప్పై ఐదేళ్ళవాడికి అనుభవం ఉంది, కెనడావాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారు, చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి భవిష్యత్తు గురించి బెంగా ఉంది. వెళ్ళే అవకాశం ఎవరికి ఎక్కువో వాళ్ళకే మార్కులు ఎక్కువ. అంటే మీ యోగ్యతను కొలిచిన పరీక్షలా కనిపించినా, ఊరికి మీరు లేకపోతే ఎంత నష్టం, మీరు వెళ్ళిపోయే అవకాశం ఎంత అన్న రెండింటినే అది కొలిచింది. మీకు ప్రమాదం ఎంత అన్నది సున్నితమైన ఉద్యోగాల గంపలో తప్ప ఎక్కడా పెద్దగా లేదు.

ఇళ్ళల్లో గొడవలు అన్నాను కదా. ఎక్కువగా తల్లిదండ్రుల గురించి. భార్య లేదా భర్త, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు వస్తారు, ముసలి తల్లిదండ్రులు రారు. నా పక్క సీటాయనకు తల్లి ఒక్కతే. ఫారం నింపి నెలన్నర సొరుగులో పెట్టుకున్నాడు. "మా అమ్మకు లేని పాస్‌పోర్టు నాకెందుకు" అని ఒకరోజు, "పిల్లల మొహం చూసైనా ఇవ్వాలి" అని ఇంకోరోజు. గడువు చివరి వారంలో ఇచ్చాడు. ఇంకో భయం, ఆ దరఖాస్తుల జాబితా రేపు చైనావాళ్ళ చేతిలో పడితే? గోప్యంగా ఉంచుతామని ప్రభుత్వం చెప్పినా ప్రభుత్వమే మారిపోతున్నప్పుడు ఆ మాట మీద ఎంత నమ్మకం పెట్టుకోగలం? మొదటి విడత 1990 డిసెంబర్ నుంచి 1991 ఫిబ్రవరి దాకా నడిచింది. ఫారాల కోసం జనం ఎగబడ్డారు గానీ, నింపి ఇచ్చినవాళ్ళు అనుకున్నంతమంది లేరు. రెండో విడత 1994 మొదట్లో. కొన్ని చోట్లు కావాలనే దానికి అట్టే పెట్టారు, అప్పటికి కీలకమైన పదవుల్లోకి వచ్చేవాళ్ళ కోసం. ఆ జాగ్రత్త మంచిదే.

చైనా మొదటినుంచీ మండిపడింది. చైనా 1980 జాతీయత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. హాంకాంగ్ చైనీయులంతా తమ పౌరులే, బ్రిటన్ ఏ కాగితం ఇచ్చినా సరే అన్నది వాళ్ళ వాదన. 1996 మేలో వాళ్ళ జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘం ఆ మాట లిఖితపూర్వకంగా తేల్చింది: ఈ ఎంపిక పథకం ద్వారా వచ్చిన బ్రిటిష్ పౌరసత్వాన్ని గుర్తించం, హాంకాంగ్‌లో గానీ చైనాలో మరెక్కడైనా గానీ బ్రిటన్ కాన్సులేటు రక్షణ వీళ్ళకు వర్తించదు. పైగా 1990 ఏప్రిల్‌లో ఆమోదించిన హాంకాంగ్ మూల చట్టం ప్రకారం అగ్ర పదవుల్లో ఉండేవాళ్ళకు విదేశాల్లో నివాస హక్కు ఉండకూడదు. కాబట్టి బీరువాలోని ఆ కాగితం విమానం ఎక్కి దిగాకే పనికొస్తుంది, ఊళ్ళో ఉన్నంతకాలం రక్షణ కాదు. ఈ తేడా అప్పట్లో చాలామందికి సరిగ్గా అర్థం కాలేదు. మా ఆఫీసుకు వచ్చినవాళ్ళకు నేను ముందు చెప్పిన మాట ఇదే.

పనిచేసిందా అంటే, ఎంపికైనవాళ్ళ వరకు పనిచేసిందనే నా నమ్మకం. నాకు తెలిసినవాళ్ళలో పాస్‌పోర్టు వచ్చిందని వెంటనే లండన్ వెళ్ళిపోయినవాళ్ళు అరుదు. పిల్లల్ని చదువుకు పంపారు, తాము ఉండిపోయారు. బ్రిటన్‌లో అప్పుడు ఉద్యోగాలూ సరిగ్గా లేవు, హాంకాంగ్‌లో జీతాలు పెరుగుతూ పోయాయి. ఏడాది వలస 1992లోని 66,000 నుంచి 1997 నాటికి సుమారు 31,000కు తగ్గింది. అదంతా ఈ పథకం గొప్పే అనడం తప్పు. చైనా తలుపులు తెరిచి వ్యాపారం ఊపందుకోవడం, వెళ్ళినవాళ్ళు కెనడా పాస్‌పోర్టు పట్టుకుని తిరిగిరావడం, ఏమీ కాదులే అన్న అలవాటు, అన్నీ కలిశాయి. కానీ అప్పగింత రోజున పోలీసులు, ఆస్పత్రులు, బ్యాంకులు, ఓడరేవు మామూలుగా నడిచాయి, ఉన్నవాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. ఆ ఉదయం నేను ఫెర్రీ ఎక్కాను. టికెట్టు అమ్మే మనిషి కూడా పాత మనిషే.

పక్కనే ఉన్న మకావు సంగతి చూస్తే మాత్రం హాంకాంగ్ వాళ్ళకు కడుపు మండేది. పడవలో గంట ప్రయాణం. అక్కడ పాలించింది పోర్చుగల్. 1981 నవంబర్‌కు ముందు మకావులో పుట్టినవాళ్ళను, చైనీయులైనా సరే, పోర్చుగల్ తన పూర్తి పౌరులుగానే చూసింది, వాళ్ళ పిల్లలకూ అది సంక్రమించింది. మార్కులు లేవు, గంపలు లేవు. యూరప్ నియమాల వల్ల 2020 చివరిదాకా ఆ పాస్‌పోర్టుతో బ్రిటన్‌లోనే ఉద్యోగం చేసుకునే వీలుండేది. ఒక చేపల వ్యాపారి కొడుక్కి మకావులో పుట్టినందుకు దొరికిన హక్కు, హాంకాంగ్‌లో పుట్టిన డాక్టరుకు 800కి ఎన్ని వచ్చాయో చూసి ఇచ్చారు. 1999 డిసెంబర్ 20న మకావు కూడా చైనాకు వెళ్ళింది, పోర్చుగల్ మునిగిపోలేదు.

న్యాయమేనా అన్నారు. ఇక్కడ నేను మధ్యస్థంగా ఉండలేను, అందుకు కారణం మా ఇంట్లోనే ఉంది. మా అమ్మవాళ్ళది శ్రీకాకుళం వైపు. తాతయ్య రంగూన్ ఓడరేవులో మోత పని చేసేవాడు. ఆ రేవులో పనివాళ్ళు చాలామంది తెలుగువాళ్ళే, అక్కడివాళ్ళు కోరంగీలు అనేవాళ్ళు. 1930లో అదే రేవులో వాళ్ళ మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ బాంబులు వేస్తుంటే అడవులు, కొండలు దాటి నడిచి వచ్చినవాళ్ళలో మా అమ్మమ్మ ఒకతె. తరవాత 1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకో అల వచ్చింది. విశాఖపట్నంలో వాళ్ళను కాందిశీకులు అని పిలిచేవాళ్ళు. పాలకుడు వెళ్ళిపోతున్నప్పుడు మోతగాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదని నాకు చిన్నప్పుడే తెలుసు.

హాంకాంగ్‌లో అలా జాబితాకు బయట పడ్డవాళ్ళు మనవాళ్ళే, భారతీయులు. తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే గానీ, సింధీలు, పంజాబీలు, పార్సీలు ఆ ఊరు పుట్టినప్పటినుంచీ ఉన్నారు. 1841లో బ్రిటిష్ జెండా పాతినప్పుడు ఆ సైన్యంలో భారతీయ సిపాయిలు ఉన్నారు. స్టార్ ఫెర్రీ మొదలుపెట్టింది ఒక పార్సీ, దొరాబ్జీ నౌరోజీ. హాంకాంగ్ యూనివర్సిటీ మొదటి భవనానికి డబ్బిచ్చింది హోర్ముస్‌జీ మోదీ. 1941లో జపాన్ దాడి చేసినప్పుడు రాజ్‌పుత్, పంజాబ్ రెజిమెంట్లు అక్కడ పోరాడాయి.

వీళ్ళలో చాలామంది ఎప్పుడో హాంకాంగ్ బ్రిటిష్ హోదా తీసుకున్నారు. తీసుకున్న క్షణమే మన చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోయింది. 1997 తరవాత చైనా వీళ్ళను తన పౌరులుగా చూడదు, వాళ్ళు చైనీయులు కారు. బ్రిటన్ బీఎన్ఓ ఇస్తానంటుంది, దాంతో బ్రిటన్‌లో ఉండే హక్కు రాదు. హాంకాంగ్‌లో ఉండొచ్చు, కానీ ఉండటం వేరు, ఒక దేశానికి చెందడం వేరు. పిల్లలకు, మనవలకు దాకా ఏదో ఒక నామమాత్రపు బ్రిటిష్ హోదా ఏర్పాటు చేశారు, ఆ తరవాతి తరానికి అదీ లేదు. చైనీయుడైన అకౌంటెంటుకు బ్రిటన్ పాస్‌పోర్టు రాకపోయినా ఒక దేశం మిగులుతుంది. ఈ కొన్ని వేలమందికి ఏదీ మిగలదు. అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళకు పథకంలో ప్రత్యేకమైన గంప లేదు. అర్హత ఉంటే వాళ్ళూ పోటీపడొచ్చు, మార్కులు తెచ్చుకోవచ్చు, అంతే.

ఈ అభద్రత ఎంత లోతుగా ఉందో 1996 మార్చి 31న చూశాను. హాంకాంగ్ బ్రిటిష్ హోదా కోసం దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. వాన్‌చాయ్‌లో ఇమిగ్రేషన్ భవనం చుట్టూ ఆ ఒక్కరోజే యాభై వేలమందికి పైగా జనం. చైనీయులే ఎక్కువ. బ్రిటన్‌లో ఉండే హక్కు కూడా ఇవ్వని కాగితం కోసం రాత్రంతా నిలబడ్డారు. నీళ్ళ సీసాలు, మడత కుర్చీలు, చంకల్లో పిల్లలు. మా ఆఫీసు తరఫున పదకొండు కుటుంబాల కాగితాలు పట్టుకుని నేనూ ఆ వరసలో ఉన్నాను.

భారతీయుల విషయంలో బ్రిటన్ ఎగువ సభలో కొందరు సభ్యులు పట్టువదలకుండా పోరాడారు, ముఖ్యంగా లార్డ్ బోన్‌హామ్ కార్టర్, ఆయన పోయాక లార్డ్ ఏవ్‌బరీ. ప్రధాని జాన్ మేజర్ 1996లో హాంకాంగ్ వచ్చి, ఊరు వదలాల్సిన ఒత్తిడి వస్తే వీళ్ళను రానిస్తామన్నారు. హామీ మంచిదే, కానీ మా ఆఫీసుకు వచ్చేవాళ్ళు ఒకటే అడిగేవాళ్ళు: ఒత్తిడి వచ్చిందని ఎవరు తేలుస్తారు, ఎప్పుడు తేలుస్తారు? 1997 ఫిబ్రవరి 4న ప్రభుత్వం మనసు మార్చుకుని, ఇంకే దేశం పౌరసత్వమూ లేని వీళ్ళకు పూర్తి బ్రిటిష్ పౌరసత్వం ఇస్తామంది. మార్చి 19న చట్టమైంది. అప్పగింతకు మూడున్నర నెలల ముందు.

ఆ కథకు ఇంకో కొస ఇటీవలే వచ్చింది. 2020 జూన్‌లో చైనా హాంకాంగ్‌కు జాతీయ భద్రతా చట్టం తెచ్చాక, 2021 జనవరి 31 నుంచి బ్రిటన్ బీఎన్ఓ హోదా ఉన్నవాళ్ళందరికీ వచ్చి ఉండే వీసా తెరిచింది. ఐదేళ్ళుంటే స్థిరనివాసం, ఇంకో ఏడాదికి పౌరసత్వం. లక్షకు పైగా జనం వెళ్ళారు. 1990లో ఇవ్వని హక్కును ముప్పై ఏళ్ళ తరవాత, నివాసం షరతు పెట్టి ఇచ్చారు. పైన నేను చెప్పిన సూత్రం గుర్తు చేసుకోండి. హక్కు కావాలంటే ఇప్పుడు ఊరు వదలాల్సిందే. ఈసారి వెళ్ళింది నడివయసు టీచర్లు, నర్సులు, చిన్న పిల్లల తల్లిదండ్రులు. 1990లో ఎవరిని ఆపాలని అంత కష్టపడ్డారో అలాంటివాళ్ళే.

నా దగ్గరికి 1994లో ఒక సింధీ పెద్దాయన వచ్చేవాడు. కౌలూన్‌లో దర్జీ కొట్టు. హాంకాంగ్‌లోనే పుట్టాడు, వాళ్ళ నాన్న యుద్ధానికి ముందు వచ్చాడు. అరవై దాటాయి. రెండో విడత గురించి విని, "దర్జీకి ఎన్ని మార్కులు వేస్తారు?" అని అడిగాడు. వయసుకు రావు, డిగ్రీ లేదు, ఆయన వృత్తికి వలస లెక్కల్లో చోటే లేదు. నేను కాగితం మీద కూడి చూపించాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నాకు టీ తెప్పించమన్నాడు.

1997లో చట్టం వచ్చాక ఆయనే మళ్ళీ వచ్చాడు, కొడుకుని వెంటబెట్టుకుని. ఫారం నేనే చదివి వినిపించాను. అందులో వయసుకు మార్కులు లేవు, చదువు లెక్కలోకి రాదు. 1997 ఫిబ్రవరి 4కు ముందు ఇక్కడే నివాసం ఉన్నారా, మీకు ఇంకే దేశం పౌరసత్వమైనా ఉందా, ఈ రెండే అసలు విషయాలు. రెండో దానికి "లేదు" అని నేను రాయబోతుంటే, ఆయన పెన్ను అందుకుని తన చేత్తోనే రాశాడు.